రాసే ముందు కాదు, రాశాక అలంకరణ

ప్రశ్న: రెండేళ్లుగా చుక్కల నోటుబుక్‌లో ప్లానర్ రాసుకుంటున్నాను. ప్రతి ఆదివారం రాత్రి వచ్చే వారం పేజీలు గీసుకుంటాను. బ్రష్ పెన్‌తో శీర్షిక, ఏడు రోజులకు ఏడు బాక్సులు, అంచులకు వాషీ టేపు (డిజైన్లున్న పలచని కాగితపు టేపు), మూలల్లో స్టిక్కర్లు. రెండున్నర గంటలు పడుతుంది. సోమ, మంగళవారాలు శ్రద్ధగా రాస్తాను. బుధవారానికి ఏదో ఒక బాక్సు నిండిపోతుంది, లేదంటే కొట్టివేత పడుతుంది. ఇక ఆ పేజీలో రాయబుద్ధి కాదు. అక్కడి నుంచి పనులన్నీ చిత్తు కాగితాల మీద, ఫోన్‌లో రాసుకుంటాను. పోయిన నెల ఒక ఫీజు గడువు అలాగే దాటిపోయింది. తీరా చూస్తే ఆ తేదీ స్టిక్కరు కింద ఉంది. ఇది మూడో పుస్తకం. ఇందులోనూ ఐదు వారాలు గీసి ఖాళీగా వదిలేశాను. పోనీ అలంకరణ మానేద్దామంటే పుస్తకం తెరవాలనే అనిపించదు. ఏం చేయమంటారు?

జవాబు: అలంకరణ మానేయకండి. పుస్తకం తెరవాలనిపించడం చిన్న విషయం కాదు. తెరవని ప్లానర్‌ను ఎంత పద్ధతిగా గీసినా ఎందుకూ కొరగాదు. మీరు మార్చుకోవాల్సింది వరస. వారం మొదలవకముందే పేజీని ముస్తాబు చేస్తున్నారు. ఆదివారం రాత్రికి ఆ పేజీలో మీ రెండున్నర గంటల శ్రమ ఉంది, రాసిన పని ఒక్కటీ లేదు. బుధవారం ఏదో వాయిదా పడి కొట్టేయాల్సి వస్తే, ఆ గీత పని మీద పడినట్టుండదు, ఆ రెండున్నర గంటల మీద పడినట్టుంటుంది. అందుకే చేయి రాదు. ప్లానర్ అన్నాక కొట్టివేతలు, బాణాలు, పక్కన ఇరికించి రాసిన మాటలు తప్పవు. అనుకున్నవి మారుతుంటాయి కాబట్టే కదా ప్లానర్ పెట్టుకున్నది! వారం మొదట్లో పేజీని బోసిగా ఉంచి, వారం ముగిశాక ముస్తాబు చేయండి. కింద రాసిందంతా ఈ ఒక్క మార్పును ఎలా అమలు చేయాలన్నదే.

ముందు ఆ ఏడు బాక్సుల సంగతి. నోటుబుక్‌లో చేత్తో ప్లానర్ రాసుకునే బుల్లెట్ జర్నల్ పద్ధతిని దాని రూపకర్త రైడర్ క్యారల్ 2013లో నలుగురి ముందుకూ తెచ్చినప్పుడు అందులో బొమ్మలూ లేవు, రోజుకో బాక్సూ లేదు. తేదీ వేసి కింద రాసుకుంటూ పోవడమే. పనికి చుక్క, ఫలానా రోజు జరిగేదానికి చిన్న సున్నా, గుర్తుంచుకోవాల్సిన మాటకు అడ్డగీత. పని అయిపోతే చుక్క మీద ఇంటూ, ముందుకు జరిపితే బాణం. మర్నాడు ఆ కిందే కొత్త తేదీ. సమానంగా గీసిన బాక్సులు చూడ్డానికి బాగుంటాయి గానీ, బుధవారం మీకు ఎన్ని పనులు ఉండాలో ఆదివారమే తేల్చేస్తాయి.

నిజానికి ఎన్ని ఉంటాయో ఊహించక్కర్లేదు, లెక్క మీ దగ్గరే ఉంది. గత రెండు వారాల చిత్తు కాగితాలూ ఫోన్‌లోని నోట్లూ ముందేసుకుని, 14 రోజులకూ రోజుకు ఎన్ని వరసలు రాశారో అంకె వేయండి. చాలామందికి ఇది ఎగుడుదిగుడుగా వస్తుంది: ఒక రోజు 4, మరో రోజు 15, సెలవు రోజు 2. అందరూ చేసినట్టు రోజుకు 9 వరసల బాక్సు గీస్తే 15 రాయాల్సిన రోజు చోటు చాలదు, 2 రాసిన రోజు బాక్సు వెలవెలబోతుంది. సగటు తీసి గీసినా ఇదే ఇబ్బంది.

మీది ఏ5 పుస్తకం అనుకుని కొలతలు చెబుతాను. వెడల్పు 148 మి.మీ., ఎత్తు 210 మి.మీ., చుక్కకూ చుక్కకూ మధ్య 5 మి.మీ. అంచులు పోగా అడ్డంగా 27, 28 గళ్లు, నిలువుగా 40 వరసల దాకా దొరుకుతాయి. ఎడమ పేజీలో పైన 3 వరసలు శీర్షికకు వదలండి. దాని కింద రోజుకు 4 వరసల చొప్పున ఏడు రోజులకు 28. మిగిలిన 9 వరసలు ఈ వారంలో ఎప్పుడైనా చేయగల పనులకు. ఆ నాలుగేసి వరసల్లో రోజువారీ పనులు రాయకూడదు. ఆ తేదీకే కట్టుబడినవి రాయాలి: అపాయింట్‌మెంటు, గడువు, ప్రయాణం. వారం మొత్తం ఒక్క చూపులో కనిపించడానికే ఈ పేజీ.

కుడి పేజీలో ఏమీ గీయొద్దు. సోమవారం పొద్దున తేదీ వేసి పనులు రాయండి, ఎంత పడితే అంత. మంగళవారం ఒక వరస వదిలి మళ్లీ తేదీ. బుధ, గురువారాలు పుస్తకం ముట్టుకోలేదా, మంగళవారం కిందే శుక్రవారం తేదీ పడుతుంది. మానేసిన రోజులు ఖాళీ బాక్సులై మిమ్మల్ని వెక్కిరించవు. పేజీ నిండితే తర్వాతి పేజీలోకి వెళ్లండి. కొత్త వారం మాత్రం మళ్లీ ఎడమ పేజీలోనే మొదలవ్వాలి. మధ్యలో సగం పేజీ మిగిలిపోతే మిగలనివ్వండి, దాని పని తర్వాత చెబుతాను.

రెండు పేజీలకూ ఎడమ అంచున 2 గళ్ల వెడల్పు పట్టీని గుర్తులకే కేటాయించండి. చుక్క, ఇంటూ, బాణం అన్నీ అందులోనే. దాని మీద టేపు గానీ స్టిక్కరు గానీ రంగు గానీ పడకూడదు. పేజీ మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్కదాని మీదే. వారం చివర ఆ పట్టీ మీదుగా పై నుంచి కిందికి చూపు జారిస్తే చాలు, ఇంకా చుక్కలుగానే మిగిలినవి తెలిసిపోవాలి.

ఈ గీతలకు స్కేలు పెట్టి గీసినా 10 నిమిషాలు పట్టవు. 15 నిమిషాలకు టైమర్ పెట్టుకుని, మోగగానే పెన్ను దించేయండి. శీర్షిక చోట వారం తేదీలు పెన్సిల్‌తో పలచగా వేసి వదిలేయండి. బ్రష్ పెన్‌తో దిద్దడం వచ్చే ఆదివారం పని.

మీ ఆదివారం రాత్రి ఎక్కడికీ పోదు. వచ్చే వారానికి 15 నిమిషాలు పోగా, మిగతా సమయమంతా గడిచిన వారం పేజీలది. అయితే టేపు ముట్టుకునే ముందు మిగిలిపోయిన ప్రతి చుక్కకూ ఒక తీర్పు ఇవ్వాలి: చేస్తారా, మానేస్తారా. చేసేదైతే బాణం వేసి కొత్త వారంలో మళ్లీ రాయండి, మానేసేదైతే ఆ మాటల మీదుగా గీత కొట్టేయండి. ఒకే పనికి మూడో బాణం వేయాల్సి వచ్చిందంటే దాన్ని అలాగే మళ్లీ రాయకండి. సాధారణంగా అది ఒక పని కాదు, నాలుగైదు పనుల మూట. "అల్మరా సర్దాలి" అన్నది మూడు వారాలు ముందుకు జరుగుతూ పోతే, "పై అరలోని కాగితాలు కింద పెట్టి పనికిరానివి వేరు చేయాలి" అని మొదటి మెట్టు రాయండి. దీనికి మరో పావుగంట పడుతుంది. ఇది పూర్తయ్యేదాకా స్టిక్కర్ల డబ్బా మూత తీయకండి, ఎందుకంటే ఒకసారి అతికించడం మొదలుపెడితే మనసు మళ్లీ చుక్కల మీదికి రాదు.

ఆ తర్వాత తీరిగ్గా కూర్చోండి. ఇప్పుడు పేజీలో ఎక్కడెక్కడ చోటు మిగిలిందో స్పష్టంగా కనిపిస్తుంది. కుడి పేజీ అడుగున ఆరు వరసలు, రెండే పనులు రాసిన రోజు పక్కన కాస్త జాగా, ఇందాక మిగలనివ్వమన్న ఆ సగం పేజీ. అలంకరణకు చోటు ముందుగా కేటాయిస్తే రాతకు చోటు చాలదు. రాత తర్వాత మిగిలిన చోటు తీసుకుంటే దేనికీ లోటుండదు. ఇంకో లాభం కూడా ఉంది. వారం ఎలా గడిచిందో అప్పటికే తెలుసు కాబట్టి పువ్వుల స్టిక్కరు ఊరికే అతికించకుండా ఆ వారానికి తగినదే పెడతారు: వెళ్లొచ్చిన చోటి టికెట్టు ముక్క, వాన కురిసిన రోజు పక్కన గొడుగు బొమ్మ. పదిహేను వరసలు నిండిన రోజు జోలికి వెళ్లొద్దు, ఆ రాతే ఆ పేజీకి నిండుదనం. కొట్టివేతల మీద టేపు వేసి కప్పొద్దు. ఏది మానేశారో మూడు నెలల తర్వాత చూసుకోవాల్సి వస్తుంది.

వారం మధ్యలో కూడా కంటికి ఏదో ఒకటి ఇంపుగా కనబడాలంటే రెండు చోట్లు వదులుతాను. శీర్షిక పైన టేపు ముక్క ఒకటి సోమవారమే వేసుకోండి. ఇక ప్రతి నెల మొదట్లో ఒక పూర్తి పేజీ బొమ్మకే ఇచ్చేయండి. అందులో తేదీలూ వద్దు, పనులూ వద్దు. అక్కడ రెండున్నర గంటలు కాదు, ఐదు గంటలు కూర్చున్నా ఏ పనికీ అడ్డం రాదు.

ఫీజు గడువు విషయానికి వస్తే, స్టిక్కరు కింద పడడం ఒక తప్పయితే, అది ఒక్కచోటే రాసి ఉండడం మరో తప్పు. పుస్తకం మొదట్లో రెండు పేజీలు తీసుకుని, పేజీకి మూడు నెలల చొప్పున ఆరు నెలలు వేయండి. 40 వరసల్లో నెలకు 13 వస్తాయి. గడువులన్నీ మొదట అక్కడికే వెళ్లాలి. ప్రతి గడువునూ రెండుసార్లు రాయండి: అసలు తేదీ దగ్గర ఒకసారి, దానికి వారం ముందు "ఫీజు గడువు 18" అని ఇంకోసారి. ఆదివారం కొత్త వారం గీసేటప్పుడు ముందు ఈ పేజీలు తెరిచి ఆ వారానివి దించుకోవాలి. ఈ రెండు పేజీల్లో ఒక్క హైలైటర్ తప్ప ఏ అలంకరణా వద్దు. గంటా నిమిషాలతో పని ఉన్నవాటికి ఫోన్‌లో అలారం పెట్టండి. పుస్తకం మోగదు కదా.

రంగుల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు, ఇంటి పనులకు ఆకుపచ్చ, ఆఫీసుకు నీలం, డబ్బుకు ఎరుపు అంటూ రాసే పెన్నునే మార్చడం. బయట ఉన్నప్పుడు చేతిలో ఒక్క పెన్నే ఉంటుంది. ఆకుపచ్చ పెన్ను లేదని ఆ పని రాయకుండా ఆపుతారు, తర్వాత మర్చిపోతారు. రాత మొత్తం ఒకే నల్ల పెన్నుతో సాగాలి. రంగు తర్వాత వేసుకోవచ్చు, అదీ గుర్తుల పట్టీకి పక్కన చిన్న గీతగా. అర్థం ఉన్న రంగులు మూడుకు మించితే ఏది దేనికో పేజీ తిప్పి చూసుకోవాల్సి వస్తుంది. నేనైతే ఒకటి గడువులకు, ఒకటి ఎదుటివాళ్ల జవాబు కోసం ఆగిన పనులకు పెట్టి, అక్కడితో ఆపమంటాను. ఊరికే అందం కోసం వాడే రంగులు ఈ రెండూ కాకుండా చూసుకుంటే చాలు.

ఇక సామాను. అలంకరణ వల్ల రాత పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

జెల్ పెన్నుతో రాసిన వెంటనే దాని మీద హైలైటర్ లాగితే నల్లగా అలుక్కుపోతుంది, హైలైటర్ మొన కూడా మురికవుతుంది. ఆరాక లాగినా కొన్ని జెల్ సిరాలు కాస్త కదులుతాయి. పిగ్మెంట్ సిరా ఉండే ఫైన్‌లైనర్ (సన్న మొన పెన్ను) రాత ఆరాక నీటికి చెదరదు కాబట్టి రంగు మీద పడే చోట అది వాడండి. స్పిరిట్ మార్కర్లు 120 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితంలో కూడా వెనక్కి దిగి, అవతలి పేజీలో రాసుకునే చోటు తినేస్తాయి. నీటి ఆధారిత బ్రష్ పెన్నులు 100 జీఎస్‌ఎం మీద సాధారణంగా దిగవు, వెనకవైపు నీడలా కనిపిస్తాయంతే. ఒకేచోట మూడు నాలుగుసార్లు రుద్దితే మాత్రం కాగితం నూలు లేస్తుంది. మైనం పాలు ఎక్కువున్న కలర్ పెన్సిల్‌తో పేజీ అడుగు నింపి దాని మీద జెల్ పెన్నుతో రాయబోతే బంతి జారి రాత తెగుతూ వస్తుంది. రాయాల్సిన చోట పెన్సిల్ రంగు వేయకపోవడమే మంచిది, ఇది కూడా రాశాకే అలంకరణ అనడానికి ఒక కారణం.

రుద్దితే చెరిగిపోయే పెన్నులు ప్లానర్లకు చాలామంది వాడతారు. వాటి సిరా వేడికి రంగు కోల్పోతుంది, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పేజీలో వేసిన రంగు త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ పెడితే వారం మొత్తం రాసింది కళ్లముందే మాయమవుతుంది. ఎండలో నిలిపి ఉంచిన కారులో పుస్తకం వదిలేసినా అదే ప్రమాదం. అలా జరిగితే పుస్తకాన్ని గాలి చొరని కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో కొన్ని గంటలు ఉంచండి, రాత చాలావరకు తిరిగి కనిపిస్తుంది, ఎప్పుడో చెరిపేసిన మాటలతో సహా. గడువుల పేజీల్లో మాత్రం ఈ పెన్ను వాడొద్దు.

కొత్త పెన్ను ఏదైనా ముందు పుస్తకం చివరి పేజీలో పరీక్షించండి. ఒక గీత, దాని మీద హైలైటర్, పక్కన పెన్ను పేరు. పది సెకన్లకోసారి వేలితో తుడిచి చూస్తే ఆరడానికి ఎంత పడుతుందో తెలుస్తుంది. తర్వాత పేజీ తిప్పి వెనకవైపు చూడండి.

వాషీ టేపు మందం దాదాపు ఒక 80 జీఎస్‌ఎం కాగితం అంత. ప్రతి పేజీలో బయటి అంచునే టేపు వేస్తూ పోతే, ఆ వైపు పుస్తకం రెట్టింపు లావై విసనకర్రలా విచ్చుకుంటుంది. మూత పడదు, కుట్టు దగ్గర లాగుతుంది. కాబట్టి ఒక వారం పైన, ఒక వారం అడుగున, ఇంకో వారం పక్కన వేయండి. కుట్టుకు 1 సెం.మీ. లోపల ఏదీ అతికించొద్దు, పేజీ సమంగా పరుచుకోదు. అతికించడానికి నీళ్ల జిగురు వాడితే కాగితం ముడతలు పడుతుంది. గ్లూ స్టిక్ గానీ రెండువైపులా అంటుకునే టేపు గానీ మేలు. టికెట్ల మీద ముద్ర కొన్నాళ్లకు వెలిసిపోతుంది, అందులో తేదీ గానీ అంకె గానీ ముఖ్యమైతే పక్కన చేత్తో రాసుకోండి.

అలవాట్ల ట్రాకర్లు, అంటే ఏ అలవాటు ఏ రోజు పాటించారో గుర్తు పెట్టే గళ్ల పట్టికలు, మీరు ప్రస్తావించలేదు, అయినా వాటిని గీయాలనిపిస్తే ఒక్క మాట. నెలకు 12 అలవాట్లు పెడితే 31 రోజులకు 372 గళ్లు. గీయడానికి ముచ్చటగా ఉంటుంది, నింపడానికి పదో తేదీకే విసుగొస్తుంది. మూడు చాలు. ఏ5 పేజీ అడ్డంగా 28 గళ్లే కాబట్టి తేదీలు అడ్డంగా వేస్తే 31 పట్టవు, నిలువుగా వేయండి.

కొట్టివేత భయం ఒక్క రోజులో పోదు. పుస్తకం మొదటి పేజీలోనే కావాలని వంకర గీతలు గీసి, పెన్నులన్నీ పరీక్షించి, ఒక మాట రాసి కొట్టేయండి. దిష్టిచుక్క పెట్టినట్టు. మచ్చ పడిన పుస్తకంలో రాయడం తేలిక. శీర్షికలో అక్షరం తప్పు పడితే అదే రంగు కాగితం ముక్క మీద మళ్లీ రాసి పైన అతికించొచ్చు. పేజీ మొత్తం పాడైనా చించొద్దు. కుట్టిన పుస్తకంలో ఒక్కో కాగితం మడతపడి రెండు ఆకులుగా ఉంటుంది. ఇటువైపు ఆకు చించితే అటువైపు ఉన్న దాని జత ఆకు పట్టు తప్పి కొన్నాళ్లకు ఊడి వస్తుంది. అంతగా చూడలేకపోతే పక్క పేజీతో కలిపి అతికించేయండి.

ఒకవేళ మీకు వాటర్ కలర్ల మీద ఇష్టం పెరుగుతుంటే మాత్రం దానికి వేరే పుస్తకం పెట్టుకోండి. ప్లానర్ కాగితం నీళ్లను తట్టుకోదు, వాటర్ కలర్‌కు 300 జీఎస్‌ఎం దాకా మందం కావాలి. అంత మందం కాగితంతో ఏడాది ప్లానర్ అంటే చేత్తో మోయలేని పుస్తకం అవుతుంది. మిగతా ఏ అలంకరణకైనా ఒకే పుస్తకం సరిపోతుంది. రెండు పుస్తకాలు ఉంటే పనుల పుస్తకమే ఇంట్లో మర్చిపోతారు.

ఇప్పుడు మీ మూడో పుస్తకం. నాలుగోది తెచ్చుకోవద్దు. గీసి వదిలేసిన ఆ ఐదు వారాలూ అప్పుడే ముస్తాబైన పది పేజీలు. వాటి మీది తేదీల మీద సన్నని కాగితం పట్టీ అతికించండి, లేదా ఒక్క గీత కొట్టేయండి. ఆ బాక్సుల్లో ఎప్పుడూ చోటు దొరకని జాబితాలు రాసుకోవచ్చు: చదవాల్సిన పుస్తకాలు, ఎవరికి ఏం అప్పిచ్చారో, ఇంట్లో బాగుచేయించాల్సినవి, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో. రాసిన పేజీ నంబరు ముందున్న సూచికలో వేసుకుంటే వెతుక్కునే పని ఉండదు. ఆ పది పేజీలు దాటాక వచ్చే మొదటి ఖాళీ కుడి పేజీలో, ఆదివారం దాకా ఆగకుండా, రేపటి తేదీ వేసి రేపటి పనులు నల్ల పెన్నుతో రాయండి.